తూటా గుల్లకు టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది):

తూక మొకటి, మెడయు, నేక జననమగు
గుల్ల లేరి కొనుము గుఱుతు చూచి;
గొడ్ల పాక చెంత గుట్టుగ దాచిన
వాన వచ్చు వేళ పగులు మెడలు.

ప్రతిపదార్థం: తూకము ఒకటి = బరువు ఒక్కటే అయినవీ; మెడయు = మెడ మందము కూడ (ఒక్కటే అయినవీ అని అధ్యాహారం); ఏక జననము అగు = ఒకే తయారీలో పుట్టినవీ అయిన; గుల్లలు = తూటాకు ఒళ్లయిన ఇత్తడి గొట్టాలను; గుఱుతు చూచి ఏరి కొనుము = ఆనవాలు పరికించి ఎంచుకొనుము; గొడ్ల పాక చెంత గుట్టుగ దాచిన = పశువుల కొట్టం పక్కన చాటుగా పెట్టినచో; వాన వచ్చు వేళ మెడలు పగులు = చెమ్మ తగిలేనాటికి మెడలు చీలును.

తాత్పర్యం: దూరపు గురికి రైఫిలు కట్టించుకునేవాడు గుల్లలను కంపెనీ పేరు చూసి కాక వాటిలో వాటికి ఉన్న పోలిక చూసి కొనాలి, కొన్నవాటిని పాకకు దూరంగా పెట్టాలి. లోకంలో మొదటి రెండు పాదాలకే ఖ్యాతి. పద్యానికి ప్రాణం చివరి రెండింటిలోనే ఉందని ఈ వ్యాఖ్యాత మతం.

విశేషం: గుల్ల ఇత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం. కవి తూకం అన్నది నిజానికి లోపలి చోటు గురించి. బయటి కొలత రైఫిలు ఛాంబరుకు సరిపడాలి కనుక, ఇత్తడి ఎక్కువైన గుల్లలో లోపల చోటు తగ్గుతుంది. అంతే మందు తక్కువ చోట మండితే ఒత్తిడి పెరిగి గుండు వేగం మారుతుంది. వంద గజాల దగ్గర అట్టముక్క మీద ఈ తేడా దాదాపు కనిపించదు. గుండు కిందికి జారే దూరం ప్రయాణ కాలపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వెయ్యి గజాల దగ్గర దాక్కోలేదు. బరువు తేడా అడుగు అంచులో ఉండి లోపలి చోటు చెడకపోవచ్చు గదా అని పూర్వపక్షం. ఉండవచ్చు. అందుకే పట్టుదల గలవారు గుల్లలో నీళ్లు నింపి మరీ తూస్తారు. ఉత్త తూకం మొదటి వడపోత మాత్రమే. మెడ మందం ఒక పక్క ఎక్కువై ఒక పక్క తక్కువైతే గుండు నడిమికి కూర్చోదు, పట్టు తూటా తూటాకూ మారుతుంది. ఫిన్లండ్ లాపువాకూ స్వీడన్ నార్మాకూ పేరొచ్చింది ఈ సమత్వం వల్లనే గాని, వాళ్ల రాగి మన రాగికన్నా ఎర్రన అయి కాదు.

నంద్యాల లైసెన్సుదారుకు లాపువా ఎక్కడ దొరికేను అని రెండో పూర్వపక్షం. న్యాయమైన ప్రశ్నే. సైన్యం వాడే బోరులు మన పౌరులకు నిషిద్ధం గనుక ఇక్కడ ప్రభుత్వ కర్మాగారపు .315 రైఫిలు ప్రసిద్ధం. ఖడ్కీ తూటా కర్మాగారం 1869 నాటిది, 2021 అక్టోబరు 1 నుంచి మ్యూనిషన్స్ ఇండియా కిందికి చేరింది. ఎంచుకునే వీలు తక్కువైనవాడికే ఏకజననం మరింత అవసరం. కొనగలిగిన నాలుగు పెట్టెలూ ఒకే లాట్ నంబరువి అయితే పేరు లేకున్నా పోలిక ఉంటుంది. కవి గుఱుతు అన్నచోట కొందరు గుల్ల అడుగున గుద్దిన ముద్ర అని అర్థం చెబుతారు. ఆ ముద్రలో కంపెనీ, కొన్నిటిలో సంవత్సరం తెలుస్తాయి. ఒక్క ఏడాదిలో ఎన్నో లాట్లు పుడతాయి. పెట్టె మీది నంబరే ఇక్కడ గ్రాహ్యం. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డనాడు ఇటువాళ్ల చేతుల్లో గాని అటు ఈస్టిండియా కంపెనీ సిపాయిల చేతుల్లో గాని ఇత్తడి గుల్ల లేదు, అయినా తుపాకులు పేలలేదా అనేవారూ ఉన్నారు. పేలాయి. మందూ గుండూ మూతి నుంచి కూరిన ఆ తుపాకులను వెయ్యి గజాల గురికి ఎవరూ నమ్ముకోలేదు.

ఇక ప్రధాన విషయం. 19వ శతాబ్దిలో బ్రిటిష్ సైన్యం ఇండియాలో తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ చేసేది. వానకాలం వచ్చేసరికి ఎవరూ తాకని గుల్లలు వాటంతటవే చీలాయి. ఇత్తడి నాసిదనుకున్నారు. అసలు సంగతిని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు విప్పి చెప్పారు. బిళ్లను చల్లగానే సాగలాగి గొట్టం చేసేటప్పుడు లోహంలో బిగువు మిగిలిపోతుంది. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా చెమ్మతో కలిసి ఆ బిగువున్న చోటునే తింటుంది. సుమారు 260 డిగ్రీల దగ్గర గంటసేపు వేడిచేస్తే గట్టిదనం చెడకుండా బిగువు సడలుతుంది. ఖాళీ గుల్లకు కర్మాగారంలో చేయవలసిన పని అది. మందు నింపిన తూటాను పొయ్యి దగ్గరికి తీసుకుపోయేవాడికి ఈ టీక పనికిరాదు.

ఆళ్లగడ్డ శిల్పి ఉలితో తట్టి ధ్వనిని బట్టి రాయి మంచిచెడ్డలు చెబుతాడు, ఇత్తడికీ అంతే చాలదా అని చివరి పూర్వపక్షం. గుల్లలను గుప్పిట్లో గలగలలాడిస్తే పగిలినది బొంగురుగా పలుకుతుంది, నిజమే. అది అయిపోయిన పగులు. రేపు చీల్చబోయే బిగువు చెవికి అందదు. కాబట్టి ఎంత ఏరి కొన్నా కొట్టం సంగతి తేలకుండా ఆ ఏరుడుకు విలువ లేదు. మా ఇంట్లో గుర్రం లేదు అంటే చాలదు. ఎద్దు మూత్రం నుంచీ అదే అమ్మోనియా లేస్తుంది. కేసీ కాలువ కింద వరి పండించే ఇంట ఎరువుల గదీ ఉంటుంది. యూరియా పొడిగా ఉన్నంతసేపు నెమ్మదస్తురాలే, చెమ్మా పేడా తగిలితే ఆమె కూడా ఇదే వాయువు విడుస్తుంది. పెట్టె ఇంటికి రాకముందే దానికి పొడి గది, తాళం ఉన్న అల్మారా చూసుకోవాలి.

గుట్టుగ అన్న పదం మాత్రం మిగిలింది. లైసెన్సు ఉన్నవాడికి తాళం కావాలి గాని గుట్టెందుకు? లేనివాడిని ఉద్దేశించే కవి ఆ మాట వేశాడనుకుంటే, ఆ పాదానికి టీక 1959 ఆయుధ చట్టంలో ఉంది. తాత్పర్యం కోర్టు చదివి వినిపిస్తుంది.