హండ్రెడ్ పర్సెంట్ పులి అసిస్టెన్స్

అమీర్‌పేటలో దొరకనిదంటూ లేదు. జావా దొరుకుతుంది, శాప్ దొరుకుతుంది, చెయ్యని ఉద్యోగానికి మూడేళ్ల అనుభవం కూడా దొరుకుతుందని ఊళ్లో చెప్పుకుంటారు. మైత్రీవనం ముందు నాలుగడుగులు వేస్తే చాలు, చేతినిండా పాంప్లెట్లు. ఇప్పుడా కట్టలోకి అడవి కూడా వచ్చి చేరింది. పైథాన్ ఫుల్ స్టాక్ కాగితానికీ లేడీస్ హాస్టల్ కాగితానికీ నడుమ ఓ ఆకుపచ్చ కాగితం: 'మన గోదావరిలో మినీ అమెజాన్! రెయిన్ ఫారెస్ట్ రివర్ క్రూజ్! వైల్డ్‌లైఫ్ సైటింగ్! వెజ్, నాన్‌వెజ్, డీజే!' ఇన్నాళ్లూ ఈ పేటలో పైథాన్ అంటే కోర్సే. ఇకమీదట పాము కూడా.

విషయం ఏమిటంటే, అది మన పాపికొండలే. రాజమండ్రి వైపు నుంచి గండి పోచమ్మ దగ్గర, భద్రాచలం వైపు నుంచి పోచవరం దగ్గర బోటెక్కి మన తాతలు, తండ్రులు చూసొచ్చిన కొండలే. 2008లో జాతీయ పార్కు అయింది. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. పులి, చిరుత, అడవి దున్న, కణుజు, దుప్పి అన్నీ ఉన్నాయి. రెయిన్ ఫారెస్ట్ మాత్రం కాదు. చాలా మటుకు ఎండాకాలం రాగానే ఆకు రాల్చేసే అడవి. కానీ 'ఆకు రాల్చే అడవి' అని వేస్తే పాంప్లెట్ ఎవడు పట్టుకుంటాడు?

వివరాలు కనుక్కుందామని మెట్లెక్కాను. కౌంటర్లో కుర్రాడు కుర్చీ చూపించి, "ఫ్రీ డెమో చూస్తవా అన్నా?" అన్నాడు. డెమో అంటే ఫోన్లో డ్రోన్ వీడియో. అందులో కొండల నడుమ గోదావరి, వెనకాల సినిమా పాట, చివర్లో ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన పులి.

"పులి కనిపించడం గ్యారంటీయేనా?"

"గ్యారంటీ అంటే రేపు లొల్లి అయితదన్నా. హండ్రెడ్ పర్సెంట్ సైటింగ్ అసిస్టెన్స్ ఇస్తం."

ఇదే అసిస్టెన్స్ మీద ఉద్యోగాలు నమ్ముకున్న తరాలు ఈ పేటలో నడిచిపోయాయి కనుక ఆ మాట నాకు కొత్తగా అనిపించలేదు. డీజే మోగుతుంటే పులి ఎట్లా వస్తుంది బాబూ అని అడిగాను. "పులి రాకున్నా కస్టమర్ వస్తడు గదన్నా" అన్నాడు. వ్యాపారశాస్త్రం మొత్తం ఆ ముక్కలో ఉంది.

అసలు అమెజాన్ సంగతి వేరు. పెరూలో ఇకిటోస్ అనే ఊరుంది. లక్షల జనాభా ఉన్నా బయటి నుంచి దానికి రోడ్డు లేదు. విమానంలో దిగాలి, లేదా పడవలో చేరాలి. అక్కడి నుంచే క్రూజ్‌లు బయల్దేరతాయి. ఏటా వరదకాలంలో నది పది మీటర్ల దాకా పెరిగి అడవిలోకి నడిచొస్తుంది. చెట్ల కొమ్మల మధ్య పడవలు పోతాయి, నీట మునిగిన చెట్ల కింద చేపలు రాలిన పళ్లు తింటాయి. మాకేం తక్కువ? గంటసేపు దంచి కొడితే పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా మెట్రో పిల్లర్ల మధ్య బైకులు ఈదుతాయి. 2025 జులైలో బేగంపేట పక్కన పైగా కాలనీ మునిగితే ఆఫీసుల్లో చిక్కుకున్న ఉద్యోగులను పడవల్లోనే బయటికి తెచ్చారు. తేడా అల్లా, అమెజాన్లో వరద వెళ్లాల్సిన చోటికే వెళుతుంది. ఇక్కడ వరద వెళ్లాల్సిన చోట అపార్ట్‌మెంట్ ఉంది.

సరే, ప్యాకేజీలోకి వద్దాం. రాత్రి పంజాగుట్టలో బస్సెక్కిస్తారు. మూడొందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. ఏసీ చలికి దుప్పట్లో దూరినవాళ్లు తెల్లారి భద్రాచలంలో లేచి, రాముడికి హడావిడిగా దణ్ణం పెట్టుకుని పోచవరం రేవు చేరతారు. బోటు కదలగానే స్పీకర్ లేస్తుంది. యాంకర్ మైకందుకుని "ఎంతమంది హ్యాపీ?" అని అరుస్తాడు. జనం హ్యాపీ అని అరుస్తారు. కొండ కూడా అరుస్తుంది, దానికి ప్రతిధ్వని తప్ప గత్యంతరం లేదు. ఆపైన డ్యాన్స్ పోటీ, అంత్యాక్షరి, ఆదర్శ దంపతుల పోటీ. ఆ పోటీలో ఓడిన జంట మధ్యాహ్న భోజనం దాకా మాట్లాడుకోదు. బోటు మొత్తానికి మౌనం పాటించేది వాళ్లిద్దరే.

నది ఇరుకైన చోట కొండలు రెండు వైపుల నుంచీ మీదికి వస్తాయి. ఒడ్డున ఇసుక మీద నీటికుక్కలు నాలుగు తలలెత్తి చూశాయి. మీసాల మీంచి నీళ్లు కారుతున్నాయి. ఒకదాని నోట్లో చేప అడ్డంగా ఉంది. పైన బోటులో జనం, జనం చేతుల్లో చేప వేపుడు. క్షణం సేపు రెండు వర్గాలూ ఒకరినొకరు పరికించుకున్నాయి. ఇంతలో కొత్త పాట మొదలైంది. నీళ్లలో నాలుగు సుడులు మిగిలాయి. "ఏంటవి?" అంది ఒకావిడ. "ఏం లేదు, వీధికుక్కలు" అన్నాడు వాళ్లాయన, ఫోన్లోంచి తలెత్తకుండానే. వైల్డ్‌లైఫ్ సైటింగ్ ఆ విధంగా పూర్తయింది.

లైఫ్ జాకెట్ల దగ్గర వ్యంగ్యం కాస్త పక్కన పెట్టాలి. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర 'రాయల్ వశిష్ఠ' బోటు మునిగింది. యాభై మంది దాకా పోయారు. వాళ్లలో హైదరాబాద్, వరంగల్ నుంచి సరదాగా బయల్దేరినవాళ్లూ ఉన్నారు. ధర్మాడి సత్యం బృందం ఆ బోటును పైకి లాగేసరికి అక్టోబర్ 22 అయింది. ఆ తర్వాత చాలాకాలం బోట్లు ఆగాయి, కంట్రోల్ రూములు వచ్చాయి, జాకెట్ తప్పనిసరైంది. ఇప్పుడు రేవులో అందరూ వేసుకుంటారు. మొదటి మలుపు తిరగ్గానే "ఫొటోలో లావుగా కనపడుతున్నా" అని విప్పేస్తారు. మనవాళ్లకు చావంటే భయం లేదు. భయమంతా లావంటేనే.

పేరంటపల్లిలో దింపుతారు. మునివాటం, శివాలయం, పైన చెట్ల నీడ. మెట్ల పక్కన కొండరెడ్ల ఆడవాళ్లు వెదురుతో చేసిన పూలసజ్జలు, కప్పులు, చిన్న పడవలు పెట్టుకుని కూర్చుంటారు. ఎర్రమంజిల్ మాల్‌లో కాఫీకి మూడొందలు పెట్టి నోరెత్తని పెద్దమనిషి ఇక్కడ బుట్ట దగ్గర గొంతు సవరించుకుంటాడు. "యాభైకి ఇస్తావా ఇవ్వవా?" బేరం కుదిరాక బుట్టతో పాటు ఆమెనూ ఫొటో తీస్తాడు. దానికి డబ్బులేమీ లేవు, కాంప్లిమెంటరీ.

ఇంతకీ ఈ సీజన్లో ఇంత రద్దీ ఎందుకో కౌంటర్లో కుర్రాడే విప్పి చెప్పాడు. "పోలవరం నిండితే అంతా మునుగుతదన్నా. ఇప్పుడే చూసెయ్యాలె. లిమిటెడ్ పీరియడ్." 1981లో టంగుటూరి అంజయ్య శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు. 2014లో జాతీయ ప్రాజెక్టయింది, దానికోసం ఖమ్మం జిల్లా మండలాలే రాష్ట్రం మారాయి. డ్యామ్ పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఆ గీత కింద వందల పల్లెలున్నాయి. వాటిలో చాలావాటికి ఆ అంకె ఇంటి గోడ ఎక్కడిదాకా తడుస్తుందో చెప్పే లెక్క. పునరావాస కాలనీకి పోవాలా, ఈ వరదకు కొండెక్కి గుడిసె వేసుకోవాలా అని వాళ్ల తర్జనభర్జన. పంజాగుట్టలో అదే అంకె సేల్ బోర్డు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నారు. ఇక్కడ పిల్లికి టిఫిన్‌తో కలిపి ప్యాకేజీ కూడా ఉంది.

అందుకే ఏలినవారికో విన్నపం. మనవాళ్లకు కావలసింది నీళ్లు, స్పీకర్, చికెన్, సెల్ఫీ. ఆ నాలుగూ పంజాగుట్టకు కూతవేటు దూరంలో హుస్సేన్‌సాగర్‌లోనే సమకూరతాయి. కొంగలున్నాయి, నీటికాకులున్నాయి, అడవిలో రాని వాసన కూడా ఉచితం. డీజే బ్యాచ్‌లన్నిటినీ అక్కడికే తోలితే మూడొందల కిలోమీటర్ల డీజిల్ మిగులుతుంది, నీటికుక్కలు చేప పూర్తిగా తింటాయి.

పాపికొండల టికెట్‌కు మాత్రం ప్రవేశ పరీక్ష పెట్టాలి. ప్రశ్నపత్రం అక్కర్లేదు. జాకెట్ విప్పకుండా, ఫోన్ తియ్యకుండా, నోరు మెదపకుండా బోటులో అరగంట కూర్చున్నవాడు పాస్. అలాంటి పరీక్ష వస్తుందన్న వార్త సాయంత్రం పొక్కితే తెల్లారేసరికి ఆదిత్య ఎన్‌క్లేవ్ గోడ మీద ఫ్లెక్సీ లేస్తుంది: 'మౌనం - క్రాష్ కోర్సు. వీకెండ్ బ్యాచ్‌లు కలవు.' ఇరుకు గదిలో రెండొందల మందిని కూర్చోబెట్టి, మాట్లాడకుండా ఉండటం ఎలాగో మైకులో చెబుతారు.