ముందు కనండి, తర్వాత సబ్మిట్ నొక్కండి

దరఖాస్తులో ఒక గడి ఖాళీగా వదిలేయడం మనిషికి జన్మహక్కు. దాన్ని వాడుకోనివ్వకూడదని ప్రోగ్రామర్లు కంకణం కట్టుకున్నారు. మధ్య పేరు, ఫ్యాక్స్ నంబరు, దగ్గర్లోని ల్యాండ్‌మార్కు... అన్నిటి పక్కనా ఎర్ర నక్షత్రమే. లేనిదాన్ని ఎక్కణ్నుంచి తెస్తాం? జనం ఒక స్పేస్ కొడతారు, లేదా ఫుల్‌స్టాప్ పెడతారు. బ్రౌజర్‌కు అది చాలు, పొమ్మంటుంది. సర్వర్ దగ్గర అటూ ఇటూ ఖాళీలు కత్తిరించి (ట్రిమ్ చేసి) చూసే నాథుడుంటే స్పేస్ ఆట కట్టు. ఫుల్‌స్టాప్ మాత్రం దర్జాగా డేటాబేస్‌లోకెక్కి, ఎవరికో తండ్రి పేరై కూర్చుంటుంది.

నిజంగా ఖాళీగా వచ్చిన గడితోనే అసలు వినోదం. అక్షరాలు రాసే గడిని మనం ముట్టుకోకపోయినా బ్రౌజర్ దాని పేరు చెప్పి, విలువ దగ్గర ఏమీ లేకుండా పంపుతుంది. టిక్కు లేని చెక్‌బాక్స్ అయితే అసలు పేరే ఎత్తదు. హాజరు పిలిస్తే ఒకడు లేచి నిలబడి నోరు మెదపడు, ఇంకొకడు బడికే రాలేదు. ఈ తేడా పట్టించుకోని కోడ్‌లో మీరు ‘ప్రకటనలు పంపండి’ దగ్గర టిక్కు తీసేసి సేవ్ నొక్కితే సర్వర్‌కు ఏ కబురూ అందదు. అందలేదు కాబట్టి పాతదే ఉండనీ అంటుంది. ప్రకటనలు వస్తూనే ఉంటాయి. ఇలాంటి పొరపాట్లు కంపెనీకి నష్టం వచ్చే వైపు ఎందుకు జరగవో!

వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాషలో, గడి ఖాళీయా కాదా అని చూసే ఎంప్టీ అని ఒకటుంది. పేరు చూసి నమ్మేరు సుమా. ‘పిల్లలెంతమంది?’ అన్నచోట నిజాయితీగా 0 అని రాశారనుకోండి, అదీ ఖాళీయే అని తేలుస్తుంది. ‘ఈ గడి తప్పనిసరి’ అని ఎర్రక్షరాలు. మళ్లీ 0 కొడతారు. మళ్లీ ఎర్రక్షరాలు. పిల్లల్లేని దంపతులు ఫారం పూర్తి చేయాలంటే ముందు కనాలి.

అదే వయసు గడి ఖాళీగా వదిలేస్తే? దాన్ని అంకెగా మార్చినప్పుడు సున్నా అవుతుంది. ఉద్యోగానికి అప్పుడే పుట్టిన అభ్యర్థి సిద్ధం. పుట్టినతేదీ రాయకపోతే, ప్రోగ్రామర్ చూసుకోకపోతే, యూనిక్స్ గడియారం మొదలైన 1970 జనవరి 1నే మీరూ పుడతారు. ఒరాకిల్ డేటాబేస్‌ది మరీ వేదాంతం. ఏమీ రాయని అక్షరాల గడికీ, అసలు విలువే లేదని చెప్పే నల్‌కీ భేదమే లేదంటుంది. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ ద్వైతి, రెండూ వేరంటుంది. ఈ తగవెందుకని పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారవెల్ 5.4 నుంచి దారిలోనే ఖాళీలన్నిటినీ నల్ చేసి పంపుతోంది. నల్‌ను ఒప్పుకోని కాలమ్ ఎదురైతే అక్కడ ఇంకో రభస.

ఇదంతా తెర వెనక సంగతి అనుకుంటే పొరపాటు. ఇంటిపేరును ఇనీషియల్‌గా సరిపెట్టుకునే మనవాళ్లలో కొందరి పాస్‌పోర్టుల్లో ఆ గడి ఖాళీయే. 2022 నవంబరులో యూఏఈ, ఒంటి పేరున్నవాళ్లను పర్యాటక వీసాపై రానివ్వనంది. అమెరికాది పెద్ద మనసు, రానిస్తుంది. కాకపోతే ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి జరిపి, అసలు పేరు దగ్గర ‘ఎఫ్ఎన్‌యూ’ అని రాస్తుంది. పేరు తెలియదని దానర్థం. అది చూసి అక్కడి బ్యాంకు కూడా ‘డియర్ ఫ్నూ’ అని ఆప్యాయంగా ఉత్తరం రాస్తుంది. సర్వర్‌కు మాత్రం ఏ ఫిర్యాదూ లేదు. గడి నిండింది.