హెడర్‌లో డేటాబేస్ పేరే ముందు: కొన్ని తలకిందుల సలహాలు

లోగో చిన్నది చేయండి. రిపోర్టు పేరును రెండో లైనుకి దించండి. అన్నిటికన్నా పైన, బోల్డులో, రిపోర్టులోని అంకెలు ఏ సర్వర్‌లోని ఏ డేటాబేస్ నుంచి వచ్చాయో వేయండి. "అదెవరికి కావాలండీ, పేజీ పాడవుతుంది" అంటారు. అననివ్వండి.

సికింద్రాబాద్ వాళ్లకు ఈ మాట సులువుగానే ఎక్కాలి. రైల్వే రిజర్వేషన్‌కు దేశంలో ఉన్న ఐదు కేంద్రాల్లో ఒకటి మన ఊళ్లోనే ఉంది; మిగతావి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై. ఆ రిజర్వేషన్లను నడిపే 'కాన్సర్ట్' సాఫ్ట్‌వేర్ 1994లో మొదట నడిచింది ఇక్కడే. 1999కల్లా ఐదింటినీ కలిపేశారు. కౌంటర్ ముందున్న మనిషికి తన బెర్తు ఏ ఊరి సర్వర్‌లో ఉందో పట్టదు, పట్టనక్కర్లేకుండా చేసిన ఇంజినీర్లకు దండం పెట్టాలి. లెక్కలు సరిచూసేవాడి సంగతి వేరు. నాలుగైదు చోట్ల నుంచి వచ్చిన అంకెలు పక్కపక్కన పెట్టుకున్నప్పుడు, ఏది ఎక్కడిదో ఆ కాగితమే చెప్పాలి.

ఇక ఆ పేరును మీ చేత్తో టైపు చేయకండి. కనెక్షన్ సెట్టింగుల్లోంచీ తీయకండి. ఓడీబీసీలో డేటా సోర్స్ పేరు (డీఎస్‌ఎన్) అంటే మనం తగిలించిన పేరే. 'ప్రొడక్షన్' అని పెట్టిన డీఎస్‌ఎన్ టెస్టు సర్వర్‌కి వెళ్తున్నా అడిగేవాడుండడు. డేటాబేస్‌నే అడగండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో @@సర్వర్‌నేమ్, డీబీ_నేమ్(); పోస్ట్‌గ్రెస్‌లో కరెంట్_డేటాబేస్(). ఆ క్వెరీ అంకెలు తెచ్చే కనెక్షన్ మీదే నడవాలి, లేకపోతే పేరొకచోటిది, అంకెలు ఇంకోచోటివి. ఒరాకిల్ వాడేవారు మరీ జాగ్రత్త: అసలు డేటాబేస్‌కు నకలుగా ఉంచే ఫిజికల్ స్టాండ్‌బైకి కూడా డీబీ_నేమ్ అసలుదాని పేరే ఉంటుంది. తేడా డీబీ_యూనిక్_నేమ్‌లో తెలుస్తుంది.

ఆ పేరు పక్కనే అంకెలు తీసిన తేదీ, టైమూ వేయండి.

ఎక్సెల్‌కి దించాక హెడర్ మిగిలిందో లేదో చూసుకోండి. పోతుంటే ప్రతి వరుసలోనూ సోర్స్ పేరును ఒక కాలమ్‌గా పెట్టేయండి. ఒకటే మాట వెయ్యిసార్లు కనిపిస్తుంది, నిజమే. ఎవరో అందులోంచి పది వరుసలు కాపీ చేసి వేరే షీట్‌లో అతికించినా ఊరూ పేరూ వెంట వెళ్తాయి. నా దృష్టిలో ఇది అందంకన్నా ముఖ్యం.

ఒక్క హద్దు మాత్రం దాటొద్దు. కనెక్షన్ స్ట్రింగ్ మొత్తాన్ని వేయకండి, అందులో యూజర్ పేరూ పాస్‌వర్డూ ఉండొచ్చు. సంస్థ బయటికి వెళ్లే కాపీలో సర్వర్ పేరుకు బదులు ఓ గుర్తు వేసి, దాని అర్థం లోపల రాసి ఉంచుకోండి.

మీ ఆఫీసులో అందరూ ఎక్కువగా నమ్మే రిపోర్టుతోనే దయచేసి ఈ పని మొదలుపెట్టండి.