ఈశాన్య జలపేటికా పద్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

మా తిరుపతిలో చేపల తొట్టి కొనేవాడు చేపలు అమ్మేవాణ్ణి అడిగేకంటే ముందు వాస్తు సిద్ధాంతిని అడుగుతాడు. ఎన్ని లీటర్లు, ఎన్ని చేపలు, ఫిల్టరు ఏది అన్నవి తర్వాతి సంగతులు. ఏ మూల అన్నదే మొదటి ప్రశ్న. మా హాల్లో గోడవారగా, మట్టంగా, నిక్షేపంగా ఉన్న మూడడుగుల తొట్టిని ఒక సిద్ధాంతిగారు చూశారు. తల అడ్డంగా ఆడించారు. ఈశాన్యానికి జరిపించారు. కొన్నాళ్ళకు ముందువైపు అద్దం కింది మూల నుంచి పైదాకా గీత గీసినట్టు చీలింది. హాలంతా నీళ్ళు, నీళ్ళలో మా అవ్వ చాప, చాప మీద చేపలు. ఫోను చేస్తే సిద్ధాంతిగారు తొణకలేదు. "మంచిదే జరిగింది స్వామీ! ఇంటికి రావాల్సిన గండం గాజుకు పోయింది" అన్నారు.

ఇంతటి వాక్యాన్ని వచనంలో వదిలేయడం భావ్యం కాదు గనక ఆటవెలదిలో పెట్టాను. భావం వారిది, గణాలు నావి, ఖర్చు కూడా నాదే.

మూలము

నీళ్ళ తొట్టి నుంచ నీశాన్యమూలలో
కలిమి వచ్చి యింట కాలు మోపు
అద్ద మొకటి పగిలె నందువా? యది మేలు
గండ మెల్ల దాని ఖాత సుమ్మి!

ప్రతిపదార్థము

కలిమి, ఇల్లు, కాలు: ఇవి బాలురకు కూడా తెలిసినవే, వదిలేస్తున్నాం. రఘువంశానికి సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అవసరం లేనిది చెప్పననీ మొదట్లోనే ప్రతిజ్ఞ చేశాడు. అందులో మొదటి సగం మాకు శిరోధార్యం. రెండో సగం పాటిస్తే ఈ వ్యాఖ్య ఇక్కడితో ఆగిపోతుంది.

నీళ్ళ తొట్టి: ఇదీ సులభమే. అయినా చేపనూ పాత్రనూ కలిపి చెప్పినచోట మన వాఙ్మయంలో ఒక పెద్ద సంప్రదాయం ఉంది, దాన్ని తలుచుకోకుండా ముందుకు పోవడం అపచారం. శతపథ బ్రాహ్మణంలో మనువు పొద్దున చేతులు కడుక్కుంటుంటే నీళ్ళతోబాటు ఒక చిన్న చేప చేతిలోకి వచ్చింది. నన్ను కాపాడు, నేను నిన్ను కాపాడతానంది. ఎట్లా కాపాడాలో కూడా అదే చెప్పింది: ముందు కుండలో పెట్టు, కుండ చాలకపోతే గుంట తవ్వి అందులో వేయి, గుంటా చాలకపోతే సముద్రానికి తీసుకుపో. పాత్ర ఎంత ఉండాలో నిర్ణయించినవాడు మనువు కాదు, మనువుగారి పురోహితుడూ కాదు, సాక్షాత్తూ చేప.

భాగవతం అష్టమ స్కంధంలో మనువు స్థానంలో సత్యవ్రతుడనే ద్రవిడరాజు ఉన్నాడు. కృతమాలా నదిలో తర్పణం వదులుతుంటే దోసిట్లోకి చేపపిల్ల వచ్చింది. కమండలంలో వేస్తే ఒక్క రాత్రిలో అది చాల్లేదు. పెద్ద కుండ చాల్లేదు, చెరువు చాల్లేదు, చివరికి సముద్రమే దిక్కయింది. ఇక్కడ సహృదయులు గమనించాల్సింది రాజు సమయస్ఫూర్తి. చేప ఇరుకన్నప్పుడల్లా పాత్ర మార్చాడే గానీ, పాత్ర పగిలేదాకా ఆగలేదు. ఏ పాత్రను ఏ దిక్కున పెట్టాలో చేప అడగలేదు, రాజు చెప్పలేదు. ప్రళయకాలంలో, అంటే అన్ని మూలలూ నీళ్ళే అయినప్పుడు, ఆ చేపే ఓడను లాక్కుపోయింది.

ఆ చేపను చూడాలంటే దూరం పోనక్కర్లేదు. తిరుపతికి సుమారు 70 కి.మీ. దూరంలో నాగలాపురంలో వేదనారాయణస్వామి మత్స్యరూపంలో ఉన్నాడు, నడుము పైన నారాయణుడు, కింద మీనం. తల్లి నాగలాంబ పేర శ్రీకృష్ణదేవరాయలు ఆ ఊరిని వెలయించాడు. ఆ చేప తిరిగి తెచ్చిన వేదాలను దొంగిలించినవాడు ఇక్కడి కథలో సోమకాసురుడు, భాగవతంలో హయగ్రీవుడు. ఇది పాఠాంతరమే, వేదాలు తిరిగి రావడంలో తేడా లేదు. ఏటా మార్చిలో మూడు రోజులు సాయంకాలపు ఎండ గర్భగుడిలోకి దూరి మొదటిరోజు పాదాల మీద, రెండోరోజు నాభి మీద, మూడోరోజు శిరస్సు మీద పడుతుంది. సూర్యపూజోత్సవం అంటారు. అన్ని గడపలు దాటి వచ్చిన కిరణం సరిగ్గా పాదాల మీద పడిందంటే, ఆ గుడి కట్టినవాళ్ళు దిక్కు తెలిసినవాళ్ళు. అంతకంటే ముఖ్యం, మట్టం తెలిసినవాళ్ళు. దిక్కు ఒక్కటే తెలిసి మట్టం తెలియకపోతే ఎండ ఏ దూలం మీదో పడి ఆగిపోయేది.

ఎక్కడున్నాం? ఈశాన్యంలో.

ఈశాన్యమూలలో: ఈ పదంలోనే వ్యాఖ్యాతకు కళ్ళు తెరుచుకున్నాయి. వాస్తు ప్రకారం ఇంట్లో ఈశాన్యం పల్లంగా ఉండాలి. మా మేస్త్రీ శాస్త్రం తెలిసినవాడు గనక నేలను అటు వాటంగా దించాడు. అదే శాస్త్రం ప్రకారం నీళ్ళు కూడా ఈశాన్యంలోనే ఉండాలి. విడివిడిగా రెండూ శుభమే. రెంటినీ కలిపితే, నూట ఇరవై కిలోలకు పైగా నీళ్ళున్న గాజు తొట్టి వాలు నేల మీద నిలబడుతుంది. ఒక మూల దిగుతుంది, మెలి పడుతుంది, ఆ మెలి అంతా గాజు అంచు మీదికి వస్తుంది. గాజుకు వంగడం రాదు, వచ్చింది పగలడమే.

అద్దము: ఇప్పటి అద్దం ఇంత చదునుగా రావడానికి కారణం అలస్టెయిర్ పిల్కింగ్టన్ అనే ఇంగ్లండు ఇంజనీరు. కరిగిన తగరం మీద కరిగిన గాజును తేలించే పద్ధతిని ఆయన కంపెనీ 1959లో లోకానికి చెప్పింది. ద్రవం మట్టంగా తప్ప వేరే విధంగా నిలబడదు గనక, దాని మీద తేలిన గాజుకూ ఆ మట్టమే వస్తుంది. మనకు దగ్గర్లో శ్రీపెరుంబుదూరులోనూ ఈ పద్ధతిలోనే గాజు తయారవుతుంది. పుట్టింట్లో అంత మట్టంగా పెరిగిన పిల్లను మెట్టింట్లో పల్లాన కూర్చోబెట్టాం.

ఇంకో సూక్ష్మం. అద్దం మీద నీటి తోపుడు నీళ్ళ ఎత్తును బట్టే గానీ తొట్టి లోతట్టు వెడల్పును బట్టి కాదని గణితవేత్త సైమన్ స్టెవిన్ 1586లోనే రాశాడు. మూడడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు ఉన్న అద్దాన్ని నిండు తొట్టి సుమారు 95 కిలోల బలంతో ముందుకు తోస్తూ ఉంటుంది, రాత్రీ పగలూ. అంత తోపుడును ఆపుతున్నది సన్నటి సిలికాన్ పూత. కలిమి కాలు మోపేది ఇంతటి చోట.

అది మేలు: ఇక్కడ పూర్వపక్షం. తొట్టి నిలిచి డబ్బొస్తే వాస్తు ఫలించింది. తొట్టి పగిలి డబ్బు పోతే గండం తప్పింది, అప్పుడూ వాస్తే ఫలించింది. సాధ్యం ఉన్నచోటా లేనిచోటా ఒకే తీరుగా కనిపించే హేతువును తార్కికులు సాధారణ సవ్యభిచారమన్నారు, హేత్వాభాసాల్లో చేర్చారు. తర్కసంగ్రహం చదివే పిల్లవాడు కూడా దీన్ని ఒప్పుకోడు. చిత్తూరు నుంచి వచ్చిన మా బావమరిది ఒప్పుకున్నాడు. వాళ్ళింట్లో తొట్టి పగిలిన ఏడాదే తోతాపురి మామిడికి ధర వచ్చిందట. పగలని ఏళ్ళలో ధర ఎందుకు వచ్చిందో అడిగితే, కాఫీ చల్లారుతోందన్నాడు.

గండమెల్ల: 'ఎల్ల' అన్నది అతివ్యాప్తి. గండమంతా గాజుకే పోతే, కింది వాటా వాళ్ళ సీలింగుకు పట్టిన తేమ ఎవరి గండం? టీవీ స్టాండు ఉబ్బిన చెక్క ఎవరిది? చాప మీద కొట్టుకున్న చేపలకు జాతకం ఎవరు రాశారు?

ఖాత: 'ఖాతా'కు ఛందస్సు కోసం చివరి దీర్ఘం పోయింది. కవి మొర పెట్టుకోకూడదు.

వ్యాఖ్యాశేషము

పగిలిన అద్దం ఒక్కటి మార్చమంటే తొట్లు అమ్మేచోట, "ఒక్క పలకకు ఎవరు కూర్చుంటారు సార్, కొత్తదే ఎత్తుకోండి" అన్నారు. చివరికి దేవుడి పటాలకు అద్దాలు వేసే అంగట్లో పిల్లోడు ఒప్పుకున్నాడు. ఇంటికి వచ్చి తొట్టి ముట్టుకోలేదు. అందులో అలంకారానికి వేసిన గాజు గోలీ ఒకటి తీసి నేల మీద పెట్టి వదిలాడు. అది ఎవరినీ అడగకుండా ఈశాన్యానికి దొర్లిపోయింది. "తొట్టి సంగతి తర్వాత సార్, ముందు ఇది చూడండి" అన్నాడు. ఈ పద్యానికి ఇంతకంటే మంచి టీక నేను రాయలేను.

తర్వాతి పని చూడముచ్చట. కట్టరును కిరసనాయిల్లో ముంచి, స్కేలు ఆనించి ఒకే ఒక్క గీత గీశాడు. మళ్ళీ గీస్తే అంచు చెడుతుందట. బల్ల అంచున పెట్టి నొక్కితే చిటుక్కున విడిపోయింది. పాత సిలికాన్ను బ్లేడుతో మొదలంటా గీకాడు. పాతదాని మీద కొత్తది అంటుకోదు. గాజును స్పిరిట్‌తో తుడిచాడు. బాత్రూములకు వాడే బూజు పట్టని రకం వద్దని పక్కన పెట్టాడు, అందులో కలిపే మందు చేపలకు పడదు. రెండు రోజులు ఆరనిచ్చి, వాకిట్లో నీళ్ళు నింపి చూసి, స్టాండు కాళ్ళ కింద చెక్క ముక్కలు సర్ది, తొట్టి కింద థర్మాకోల్ పరిచాడు. అందాకా చేపలు బక్కెట్లో, పాత నీళ్ళలో, పాత ఫిల్టరు స్పాంజితో బతికాయి.

ఆ పిల్లోడు అడిగిన కూలికి ఇంటిల్లిపాదీ బేరమాడారు. సిద్ధాంతిగారి సంభావనకు మాత్రం ఎవరూ నోరెత్తలేదు, తమలపాకుల్లో పెట్టి కళ్ళకద్దుకుని ఇచ్చారు. పని చేసినవాడి చేతిలో పది రూపాయలు తగ్గించి, మాట చెప్పినవాడి చేతిలో నూటపదహార్లు పెట్టే ఆచారం ఏ శాస్త్రంలో ఉందో ఈ వ్యాఖ్యాతకు కనబడలేదు.

తాత్పర్యము

తొట్టిని ఈశాన్యంలోనే పెట్టుకోండి, ఎవరికీ అభ్యంతరం లేదు. నాలుగు కాళ్ళ కిందా మట్టం చూసుకోండి. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. ఈ విషయంలో నిజం పటాల అంగట్లో పిల్లోడికీ తెలుసు.