ఇంజన్ మరుగు వ్రత కల్పం

పాత మారుతి 800 ఉన్న గృహస్థులు ఏడాదికోసారి, వీలైతే రోహిణి కార్తెలో, ఆచరించవలసిన వ్రతమిది. పాత పెట్రోలు అంబాసిడర్ ఉన్నవారూ చేసుకోవచ్చు గానీ ఫలం ఆలస్యంగా అందుతుంది. దాని హెడ్ పోత ఇనుముది, మొండి ఘటం. మారుతిది అల్యూమినియం హెడ్. కాస్త ఎక్కువ వేడి తగిలితే చాలు, వినయంగా వంగుతుంది. పైగా 1983లో పుట్టిన ఈ మోడల్ తయారీ 2014లోనే ఆగిపోయింది. మీది ఆ చివరి బ్యాచ్ బండే అయినా ఈపాటికి రబ్బరు గొట్టాలు పెళుసెక్కి, రేడియేటర్ సన్నటి దారుల్లో తుప్పు పేరుకుని, సర్వం సిద్ధంగా ఉంటుంది. కావలసిందల్లా కర్త.

ముహూర్తం

మే నెల, మిట్టమధ్యాహ్నం. రెంటచింతల, రామగుండం వాస్తవ్యులు పంచాంగం చూడనక్కర్లేదు. హైదరాబాదు వారికి శ్రీశైల యాత్ర శ్రేష్ఠం. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రిపూట మూసేస్తారు కాబట్టి చల్లటి వేళ నల్లమల దాటే ప్రమాదం ఎలాగూ లేదు. నలుగురు పట్టే బండిలో ఐదుగురు కూర్చోండి. మిగిలిన జాగాలో పులిహోర డబ్బాలు సర్దండి. డ్యామ్ దగ్గర వంతెన దాటి సున్నిపెంట వైపు ఎక్కేటప్పుడు ఏసీ వేసి, రెండో గేరులో, ఆర్టీసీ బస్సు వెనకాలే అంటిపెట్టుకుని వెళ్లండి. ఇంజన్‌కు బరువెక్కువ, రేడియేటర్‌కు గాలి తక్కువ. ఇంతకన్నా మంచి లగ్నం దొరకదు.

పూజా సామగ్రి

బోరు నీళ్ల సీసా ఒకటి. నీళ్లు ఎంత ఉప్పగా ఉంటే అంత మంచిది. టీ గిన్నె అడుగున కట్టే తెల్లటి పొర రేడియేటర్ లోపల కూడా కడుతుంది. కారే చోట్ల పూయడానికి ఎంసీల్. పూయడానికి చెయ్యి పట్టని చోట్ల కోసం రేడియేటర్‌లో పోయడానికి పసుపు. పసుపు చిల్లి మూసినా మూయకపోయినా, మూసుకోకూడని దారులను మాత్రం తప్పక మూస్తుంది. రబ్బరు వాషరు చిరిగిన రేడియేటర్ మూత ఒకటి. కూలెంట్ పూర్తిగా నిషిద్ధం. అది లోపల తుప్పు పట్టనివ్వదు, ఉత్త నీళ్లంత తొందరగా మరగదు. రెండూ విఘ్నాలే.

ఆవాహనం

మీటర్లో ముల్లు రోజూ మధ్యలో నిలబడేది కాస్తా పైకి కదులుతుంది. చూడనట్టు ఉండండి. ఎవరైనా చూపిస్తే "మీటర్ పాడైంది" అనండి. ముందు సీట్లో కూర్చున్న బావగారు "ఏం కాదు, పోనీయ్. పైన గుడి దగ్గర ఆపుకుందాం" అంటారు. ఆ మాటే ఈ వ్రతానికి మూలమంత్రం. ఘాట్ రోడ్డు మీద చనిపోయిన ఇంజన్లలో చాలావాటి చెవిన పడిన చివరి మాట అదే.

కొంతసేపటికి ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోవచ్చు. అందరూ ఊపిరి పీల్చుకోండి. నిజానికి అప్పటికి నీళ్లన్నీ బయటికి పోయి, వేడి కొలిచే సెన్సర్ ఖాళీగా మిగిలి ఉండవచ్చు. నీళ్లు లేనిచోట అది నీళ్ల వేడి ఎలా చెబుతుంది? ఈ శుభశకునం చూసి యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కండి.

అభిషేకం

బానెట్ సందుల్లోంచి ఆవిరి లేస్తే దేవత ప్రసన్నమైనట్టు. వెంటనే ఆపి, బానెట్ ఎత్తి, భుజం మీది కండువా చేతికి చుట్టుకుని, రేడియేటర్ మూత తిప్పండి. ఆ మూత లోపలి నీళ్లను ఒత్తిడిలో పట్టి ఉంచుతుంది. చాలా బండ్లలో అది సుమారు 0.9 బార్. ఆ ఒత్తిడి వల్లే నీళ్లు 100 డిగ్రీలు దాటినా, దాదాపు 118 దాకా మరగకుండా ఓపిక పడతాయి. మూత తీసిన క్షణాన ఆ ఓపిక మొత్తం ఆవిరై మీ ముఖం మీదికి వస్తుంది. వాషరు చిరిగిన మూతయితే ఆ ఒత్తిడే నిలవదు, నీళ్లు ముందుగానే మరిగి కారిపోతాయి. అందుకే పాత మూతను ప్రాణప్రదంగా చూసుకోమన్నది.

ఇప్పుడు చన్నీళ్ల సీసా తీసుకుని కాగుతున్న ఇంజన్‌లోకి ఒక్కసారిగా ధారపోయండి. అల్యూమినియం హెడ్ వంగడానికో, పగుళ్లు ఇవ్వడానికో ఇదే అదను.

పురోహితుని సేవ

షెడ్డుకు చేరాక మెకానిక్‌ను ప్రశ్నలేమీ అడగకండి. ఆయన కూడా మిమ్మల్ని అడగడు. "ఏం గాదు సార్, వాల్వ్ తీసి పడేద్దాం. మన ఎండలకు దాంతో పనేం లేదు" అంటాడు. వాల్వ్ అంటే థర్మోస్టాట్. సుమారు 82 డిగ్రీల దాకా మూసుకుని ఉండి, ఇంజన్ వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే చిన్న ఇత్తడి బిళ్ల. అది తీసేస్తే ఇంజన్ పొద్దున్నే త్వరగా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపలి అరుగుదల పెరుగుతుంది. మధ్యాహ్నం ఘాట్ మీద మాత్రం మామూలుగానే మరుగుతుంది. వాల్వ్‌ను మరిగే నీళ్ల గిన్నెలో దారంతో వేలాడదీస్తే, అది తెరుచుకుంటుందో లేదో కళ్లారా తెలిసిపోతుంది. అందుకే ఆ పరీక్ష ఎవరూ చెయ్యరు.

ఆ తర్వాత "ఫ్యాన్ డైరెక్ట్ జేస్తా సార్, తాళం తిప్పంగనే తిరుగుతది" అంటాడు. స్విచ్ పోయిందో, రిలే పోయిందో, ఫ్యూజ్ పోయిందో తెలుసుకోవలసిన కష్టం మీకు తప్పింది. రోజంతా తిరిగే ఫ్యాన్ మోటారు కూడా తొందరగా కాలిపోతుంది. దాంతో వచ్చే ఏడాది వ్రతానికి బీజం ఇప్పుడే పడినట్టు.

వ్రతభంగాలు

కింది పనుల్లో ఏది చేసినా వ్రతం చెడుతుంది. పొరపాటున కూడా చెయ్యకండి.

ముల్లు మధ్యగీత దాటగానే ఏసీ ఆపేసి, అద్దాలు దించి, హీటరుంటే ఫుల్లుగా తిప్పడం. హీటరు కూడా ఒక బుల్లి రేడియేటరే. ఇంజన్ వేడిలో కొంత కారు లోపలికి లాగేస్తుంది. మే నెలలో ఆ పని చేసినవాడిని ఇంటిల్లిపాదీ తిట్టిపోస్తారు. ఇంజన్ మాత్రం బతికిపోతుంది.

అప్పటికీ ముల్లు దిగకపోతే పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి, ముప్పావు గంట మూత ముట్టకుండా చెట్టు నీడన కూర్చోవడం. పులిహోర ఉన్నది ఇందుకే. కోతులు రాకముందే ముగించాలి.

పూర్తిగా చల్లారాక నీళ్ల మట్టం, గొట్టాలు, మూత వాషరు, బెల్టు, వాటర్ పంపు కింద తడి, వరుసగా చూడడం. వీటిలో చాలావాటికయ్యే ఖర్చు ఆ శ్రీశైలం ప్రయాణానికి కొట్టించిన పెట్రోలుకన్నా తక్కువ.

అన్నిటికంటే ఘోరమైన భంగం, "ఎప్పుడు వేడెక్కుతోంది?" అని అడగడం. అమీర్‌పేట ట్రాఫిక్‌లో మరిగి, హైవే ఎక్కగానే చల్లబడితే దోషం ఫ్యాన్‌ది. నిలబడ్డప్పుడు గాలి తెచ్చేది అదొక్కటే. ఫ్యాన్ స్విచ్ వైర్లు రెండూ కలిపితే ఫ్యాన్ తిరిగిందంటే స్విచ్ పోయింది. తిరగకపోతే ఫ్యూజ్, రిలే, మోటారు చూడాలి. ట్రాఫిక్‌లో ఓర్చుకుని, హైవే మీద వేగం పెరిగితే మరిగిందంటే గాలి సరిపోతోంది, నీళ్ల ప్రవాహమే సరిపోవడం లేదు: రేడియేటర్ పూడుకుపోయింది, లేదా పంపు అరిగింది, లేదా వాల్వ్ పూర్తిగా తెరుచుకోవడం లేదు. ఎక్కడా చుక్క కారకుండానే నీళ్లు తగ్గిపోతూ, రేడియేటర్‌లో బుడగలు, సైలెన్సర్లో ఆగని తెల్ల పొగ, ఆయిల్‌లో పాల టీ రంగు కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే సగం షెడ్డు పని రోడ్డు మీదే అయిపోతుంది. బావగారికి కూడా చెప్పడానికేమీ మిగలదు.

ఫలశ్రుతి

ఈ వ్రతాన్ని లోపం లేకుండా చేసినవారి హెడ్ లేత్ షాపుకు చేరి, ఫేసింగ్ చేయించుకుని, కొత్త గ్యాస్కెట్ ధరించి తిరిగివస్తుంది. నీళ్లు లేకుండా గుడిదాకా లాగినవారికి పిస్టన్లు పట్టేసి, ఇంజన్ సీజ్ అయి, సంపూర్ణ మోక్షం లభిస్తుంది. మెకానిక్‌కు, లేత్ షాపుకు, టోయింగ్ బండికి, చివర్న పాత ఇనుము కొనేవారికి యథాశక్తి దక్షిణ ముడుతుంది. "ఏం కాదు, పోనీయ్" అన్నవారికి ఖర్చులో భాగం లేదు. సున్నిపెంట మలుపులో ముప్పావు గంట కూర్చోలేని కర్తకు, షెడ్డు ముందు బల్ల మీద మూడు వారాలు కూర్చునే భాగ్యం కలుగుతుంది.