టర్కిష్ పాఠాల్లో తిష్ఠ వేసిన ఇంగ్లిషు వ్యాకరణానికి బహిరంగ లేఖ

టర్కిష్‌కూ మాకూ మధ్య నిలబడ్డ ఇంగ్లిషు వ్యాకరణానికి,

ఈ ఉత్తరం మొగుడంపల్లి నుంచి రాస్తున్నాను. జహీరాబాద్ దాటాక కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం మాది. ఇక్కడి పిల్లలు ఇంట్లో తెలుగో లంబాడీనో మాట్లాడతారు, బజారులో ఉర్దూ వింటారు, పక్క ఊరి చుట్టాలతో కన్నడం కలుపుతారు. కొత్త భాష అంటే బెదిరే ఊరు కాదు మాది. అలాంటి చోట కూడా టర్కిష్ నేర్చుకోవాలని ముచ్చటపడ్డవాళ్ళు నాలుగు పాఠాలు తిరగేసి, 'ఇది మనవల్ల అయ్యేది కాదు' అని పుస్తకం మూసేస్తున్నారు. ఆ భయం వాళ్ళలో పుట్టించింది నువ్వేనని చెప్పడానికే ఈ లేఖ.

టర్కిష్ మీద ఇక్కడివాళ్ళకు ఆసక్తి ఎందుకంటావా? ఒకరు ఉర్దూలోకి డబ్ అయిన ఎర్తుగ్రుల్ సీరియల్ చూసి మొదలుపెడతారు. ఇంకొకరు టర్కీ ప్రభుత్వమిచ్చే స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకుంటారు. దానికి ఎంపికైతే మామూలుగా మొదటి ఏడాదంతా ఆ దేశ భాషకే పోతుంది. మొన్నమొన్నటిదాకా హైదరాబాద్‌లో ఒక దారి ఉండేది. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 2024 జనవరిలో టర్కీకి చెందిన యూనుస్ ఎమ్రె సంస్థతో ఒప్పందం చేసుకుని టర్కిష్ డిప్లొమా నడిపింది. భారత్, పాకిస్తాన్‌ల ఘర్షణలో టర్కీ పాకిస్తాన్ పక్షాన నిలవడంతో 2025 మేలో ఆ ఒప్పందం రద్దయింది. దేశాల తగాదా దేశాలది. ఎదుట కూర్చుని చెప్పే గురువు మాత్రం దూరమయ్యాడు. ఇక మిగిలింది ఫోనూ, పుస్తకమూ. ఆ రెండు చోట్లా నువ్వే ఉన్నావు.

నీ మొదటి పాఠమే భయపెట్టడంతో మొదలవుతుంది. 'క్రియ వాక్యం చివర వస్తుంది, జాగ్రత్త' అంటావు. 'మాటకు తోకల మీద తోకలు తగులుతాయి, కంగారు పడకండి' అంటావు. ఎవరికి చెబుతున్నావు ఈ జాగ్రత్తలు? అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పడానికి ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతుంది. ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నవాళ్ళు టర్కిష్ నేర్వడానికి 44 వారాలు, సుమారు 1,100 తరగతి గంటలు పడుతుందని ఆ సంస్థ లెక్క. వాళ్ళకు కష్టమైన భాషల జాబితా అది. అదే జాబితాలో, అవే గంటల లెక్కతో తెలుగు కూడా ఉంది. అంటే ఇంగ్లిషువాడికి టర్కిష్ ఎంత దూరమో మా తెలుగూ అంత దూరమే. అతను మా వైపు రావడానికి పడే కష్టాన్ని, ఇప్పటికే ఇటువైపు ఉన్న మా పిల్లల నెత్తిన ఎందుకు రుద్దుతున్నావు? మొగుడంపల్లి నుంచి పక్కనున్న బీదర్‌కు బయల్దేరినవాణ్ణి హైదరాబాద్ మీదుగా తిప్పినట్టుంది నీ వరస.

కొన్ని ఉదాహరణలు నీ ముందు పెడతాను. టర్కిష్‌లో 'ఎవ్' అంటే ఇల్లు, 'ఎవ్‌లెర్' ఇళ్ళు, 'ఎవ్‌లెరిమిజ్' మా ఇళ్ళు, 'ఎవ్‌లెరిమిజ్‌దెన్' మా ఇళ్ళనుంచి. విభక్తిని మాట వెనక తగిలించడం మాకు పుట్టుకతో వచ్చిన పని. 'గెలిప్ గిత్తి' అంటే 'వచ్చి వెళ్ళాడు'. ఆ 'వచ్చి'ని వివరించడానికి నీకు ఒక అధ్యాయం కావాలి, మాకు ఒక్క మాట చాలు. 'కితాప్ ఒకుయాన్ చొజుక్' అంటే 'పుస్తకం చదివే పిల్లవాడు'. మాటకు మాట అదే వరసలో ఉంది. 'గెలియొర్ ము?' అంటే 'వస్తున్నాడా?'. మా 'ఆ' చేసే పనే వాళ్ళ 'ము' చేస్తుంది. పుస్తకం చదివాను అనడానికీ, ఆ పుస్తకాన్ని చదివాను అనడానికీ మేం చూపే తేడా వాళ్ళూ ద్వితీయా విభక్తితోనే చూపిస్తారు.

నువ్వు అన్నిటికంటే ఎక్కువ తంటాలు పడేది 'మిష్' దగ్గర. 'గెల్ది' అంటే వచ్చాడు, 'గెల్మిష్' అంటే వచ్చాడట. కళ్ళారా చూసిందానికీ, చెవిన పడ్డదానికీ ఉన్న తేడాను మా ఇళ్ళలో మాటలు నేర్చే పిల్లలు కూడా 'అట'తో పలుకుతారు. జాడ చూసి ఊహించిందానికీ వాళ్ళు 'మిష్' వాడతారు, మేం 'వచ్చినట్టున్నాడు' అంటాం. 'గెలెజెక్ దియె' అంటే 'వస్తాడని'. ఆ 'దియె' పుట్టింది 'అను' అనే అర్థమున్న ధాతువులోంచి, మా 'అని' లాగే. చివరికి మేం 'చాయ్ గీయ్' అంటే వాళ్ళు 'చాయ్ మాయ్' అంటారు. ఇన్ని పోలికలుంటే నీ పాఠాల్లో ఒక్కటీ కనబడదు.

అచ్చుల పొందిక సంగతీ అంతే. ఇంట్లో అనడానికి 'ఎవ్‌దె', బళ్ళో అనడానికి 'ఒకుల్‌దా'. ముందున్న అచ్చును బట్టి వెనకది మారుతుంది. ఇదొక వింత అన్నట్టు పట్టికలు గీస్తావు. బల్లికి అంటాం, చెట్టుకు అంటాం. పులి బహువచనంలో పులులు అవుతుంది. ఒక అచ్చు ఇంకో అచ్చును తనవైపు లాక్కోవడం మా నాలుకకు అలవాటే. వాళ్ళ పద్ధతి మాకంటే విస్తారమైనది, నిజమే. కానీ తెలిసినదాన్ని విస్తరించుకోవడం వేరు, తెలియనిదాన్ని బట్టీ పట్టడం వేరు.

ఈ పోలికలు నేను కనిపెట్టినవి కావు. రాబర్ట్ కాల్డ్‌వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాస్తూ ఆ భాషలను టర్కిష్ వంటి భాషలతో పోల్చాడు. రెండూ ఒకే కుటుంబమన్న ఊహ నిలబడలేదు. నిర్మాణంలో ఉన్న పోలికలు మాత్రం నిలిచే ఉన్నాయి.

నీ వల్ల జరిగిన అసలు నష్టం ఇంకొకటుంది. మాకు లేని కష్టాల మీద పేజీలు నింపి, మాకు నిజంగా ఉన్న కష్టాలను వదిలేశావు. 1928 నవంబరులో టర్కీ చట్టం చేసి లాటిన్ లిపికి మారింది. 29 అక్షరాలు పెట్టుకుంది. ఆ అక్షరాలు చూడగానే మా పిల్లల నోట నీ ఉచ్చారణ వస్తుంది. జ అని పలకాల్సిన 'సి' అక్షరాన్ని క అంటారు, 'జామి' అనే మసీదును 'కామి' చేస్తారు. మా తమామ్ లాగే పలకాల్సిన మాటను 'టమామ్' అంటారు. త, ద మా సొంత అక్షరాలై ఉండగా వాటిని ట, డ చేయించింది నీ అలవాటే.

మాకు లేని అచ్చులు మూడున్నాయి. 'ఎ' పలికే చోట నాలుక ఉంచి పెదవులు 'ఒ'లా గుండ్రంగా చుడితే ఒకటి. 'ఇ' పలుకుతూ పెదవులు 'ఉ'లా చుడితే రెండోది. 'ఉ' పలుకుతూ పెదవులు 'ఇ'లా సాగదీస్తే మూడోది. తెలుగు పిల్లలకు ఇలా చెబితే చాలు, నోరు తిరుగుతుంది. చెప్పకపోతే 'అవ్వు' అనే అర్థమున్న మాటా 'చావు' అనే అర్థమున్న మాటా ఒకేలా పలికేస్తారు. ఆ రెంటినీ వేరు చేసేది ఆ మొదటి అచ్చే.

ఇంకా ఉన్నాయి. మేం 'అలీ ఇల్లు' అంటాం. వాళ్ళు అలీకీ ప్రత్యయం పెడతారు, ఇంటికీ పెడతారు, 'అలీనిన్ ఎవి' అంటారు. మేం రెండు ఇళ్ళు అంటే వాళ్ళు అంకె తరవాత ఏకవచనమే వాడతారు. ఇవి మాకు పదేపదే సాధన చేయించాల్సిన చోట్లు. ఉర్దూ తెలిసిన జహీరాబాద్ పిల్లలకు కితాబు, కలం, దునియా, జవాబు ఊరికే వచ్చేస్తాయి. అక్కడే గోతులూ ఉన్నాయి. ఉర్దూలో ఖాలా అంటే అమ్మ తోడబుట్టింది, టర్కిష్‌లో 'హలా' అంటే మేనత్త. ముసాఫిర్ మాకు ప్రయాణికుడు, వాళ్ళకు 'మిసాఫిర్' ఇంటికొచ్చిన అతిథి. పైగా 1932లో స్థాపించిన టర్కిష్ భాషా సంఘం ఎన్నో అరబ్బీ, పారశీ మాటలను పక్కనపెట్టి కొత్తవి తెచ్చింది. అందుకే ఉర్దూ ఎంతదాకా తోడొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ముందే చెప్పే పుస్తకం కావాలి. అది నువ్వు రాయలేవు.

నువ్వు లేకుండా భాషలు కలుసుకోలేవని మాత్రం అనకు. గోల్కొండ సుల్తానుల రాజ్యాన్ని స్థాపించిన సుల్తాన్ కులీ తుర్క్‌మెన్ వంశీకుడు. ఆ వంశంలోని ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులను ఆదరించి మల్కిభరాముడు అనిపించుకున్నాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కు పొన్నికంటి తెలగనార్యుడు అచ్చతెలుగు 'యయాతి చరిత్ర'ను అంకితమిచ్చాడు. ఆ అమీన్‌ఖాన్ ఊరు మా జిల్లాలోని పటాన్‌చెరే. ఆనాడు వాళ్ళ మధ్య నీ ప్రమేయం లేదు.

మా పిల్లలు ఇంగ్లిషు నేర్చుకోవాలి, నేర్చుకుంటారు. నిన్ను ఊరు విడిచి పొమ్మనడం లేదు. టర్కిష్ పాఠంలో మాత్రం పక్కకు తప్పుకో.

తెలుగు, ఉర్దూ విశ్వవిద్యాలయాల్లోని భాషా విభాగాల పెద్దలకు, ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ అధ్యాపకులకు, టర్కీలో చదువుకుని వచ్చిన మన పిల్లలకు ఈ లేఖ ద్వారా ఒక విన్నపం. తెలుగు వచ్చినవాళ్ళ కోసం తెలుగులోనే ఒక టర్కిష్ వాచకం రాయండి. వంద పేజీలు చాలు. మనకు తెలిసినదాన్ని ఒక పేరాలో చెప్పి, తెలియనిదాని మీద మిగతా పేజీలు ఖర్చుపెట్టండి. పుస్తకం మూసేసిన పిల్లలకు నాదొక్క మాట. మీకు కష్టమని చెప్పినవాటిలో సగం మీరు రోజూ ఇంట్లో మాట్లాడేవే. మళ్ళీ తెరవండి.

ఇట్లు,
మొగుడంపల్లి నుంచి ఒక భాషాభిమాని