చదవమని చెప్పడమెలా?

భక్తి, ఆరోగ్యం, సంస్కృతి. ఈ మూడింటి మీదా ఏం చదవాలో, ఏం చూడాలో పదిమందికి చెప్పేవాడికి మన మధ్య గౌరవం ఉంది. చదివేవాడికి లేదు. వాడు మూలన కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటాడు, భోజనానికి పిలిస్తే పలకడు. కాబట్టి మీరు మొదటి రకంలో చేరండి. ఇరవయ్యేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను, అనుభవంతో చెబుతున్నాను.

ముందు పుస్తకాలు కొనాలి. కొలత ముఖ్యం. వీడియో కాల్లో మీ భుజం వెనక కనబడే అర ఎన్ని అంగుళాలో టేపుతో చూసుకుని ఆ మేరకు భారతం సంపుటాలు తెప్పించండి. ప్లాస్టిక్ కవరు చింపకండి, దుమ్ము పడుతుంది. చదవలేదేమని ఎవరైనా ఎత్తిపొడిస్తే జవాబు ఉంది: నన్నయంతటివాడు అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. తిక్కన ఆ మిగిలింది ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో ఖాళీ ఎర్రన పూడ్చాడు. రాసేవాళ్ళకే లేని తొందర చదివేవాళ్ళకెందుకు? అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల గుళ్ళో చిన్న అరలో వందల ఏళ్ళు మూతపడి ఉన్నాయి. వాటి విలువ తగ్గిందా? మీ అరా అంతే. భారతం ఇంట్లో చదివితే గొడవలొస్తాయని అత్తగారు అంటే వెంటనే ఒప్పుకోండి. తెరవకుండా ఉంచడానికి పెద్దల మాట కూడా తోడొచ్చింది.

కథ తెలియాలంటే సినిమాలున్నాయి. 1957 నాటి మాయాబజార్ చాలు. శశిరేఖ పెళ్ళి వ్యాసుడి భారతంలో లేదే అని ఎవరైనా అంటే, పాపం వ్యాసుడు మరిచిపోయాడని చెప్పండి. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణలో దుర్యోధనుడికి డ్యూయెట్ కూడా ఉంది. ఆ సంగతీ కవిత్రయం దాచిపెట్టింది.

ఇక ఏ పుస్తకం ఎవరికివ్వాలన్నది. ఎదుటివాడి బాధ పూర్తిగా వినకూడదు. వింటే పుస్తకంతో సరిపెట్టడం కష్టం. ఉద్యోగం పోయినవాడికి పరమహంస యోగానంద ‘ఒక యోగి ఆత్మకథ’ ఇవ్వండి. 1946లో ఇంగ్లీషులో వచ్చిన ఈ పుస్తకం తెలుగులోనూ బాగా లావుగా ఉంటుంది. పూర్తిచేసేదాకా వాడు మీకు మొహం చూపించడు, అప్పూ అడగడు. జీతం పెంచమన్న కుర్రాడికి గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం వినిపించండి. అద్దె పెంచాక ఇంటి ఓనరు అదే శ్లోకం మీకు చెబితే మాత్రం సందర్భం వేరని వాదించాలి.

గీత మాటొచ్చింది కనక ఒక హెచ్చరిక. ఘంటసాల భగవద్గీత పొద్దున్నే ఇంట్లో పెట్టకండి. 700 శ్లోకాల్లోంచి వంద పైచిలుకు ఏరి, తాత్పర్యంతో సహా పాడి ఆయన 1974లో వెళ్ళిపోయారు. మనవాళ్ళు దాన్ని తీసుకెళ్ళి శవయాత్ర బండికి అప్పగించారు. లేచి యుద్ధం చెయ్యమన్న మాటల్ని ఇక లేవలేని మనిషికి వినిపించడంలో ఒక సుఖం ఉంది, ఎదురుప్రశ్న రాదు. మా అపార్టుమెంటులో నేనొకసారి పెట్టాను. పావుగంటలో కింది వాటావాళ్ళు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చారు. తలుపు తీసింది నేనే కావడంతో కాస్త నిరాశపడ్డట్టు కూడా కనిపించారు.

ఆరోగ్యం వీడియోలు పడుకుని చూడాలి. సూర్యనమస్కారాల్లో పన్నెండు భంగిమలుంటాయి. సోఫాలో పక్కకి తిరిగి చూస్తే పన్నెండూ ఒకేలా కనబడతాయి. జూన్ 21న మాత్రం చాప మీద నిలబడి ఫొటో దిగండి. 2015 నుంచి ప్రపంచమంతా చేస్తున్న పనే. సోమవారం కొర్రలు అమృతమన్న వీడియో, గురువారం కొర్రలు విషమన్న వీడియో, రెండూ పంపండి. ఏదో ఒకటి నిజమవుతుంది, ముందే చెప్పానని అనొచ్చు. షుగరు మాత్ర మానేసి కషాయం తాగమన్న వీడియో మా బావగారికి నేనే పంపాను. నమ్మాడు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. చూడ్డానికి వెళ్ళినప్పుడు ప్రశాంతత మీద ఒక ప్రవచనం లింకు పంపాను. ఇంతవరకూ తెరవలేదు. మనిషిలో శ్రద్ధ తగ్గింది.

సంస్కృతికి శంకరాభరణం. 1980 నుంచి మన ఇళ్ళలో ఆ బాధ్యతంతా ఒక్క జె.వి. సోమయాజులు గారే మోస్తున్నారు. ఏటా ఒకసారి చూసి, కళ్ళు తుడుచుకుని, ఈ రోజుల్లో సంగీతం ఎక్కడుందండీ అనాలి. తర్వాత పాపని సంగీతం క్లాసు మాన్పించి ఐఐటీ ఫౌండేషన్లో చేర్చాలి. మాస్టారు ఫీజు బాకీ ఉంటే అడిగినప్పుడు చూసుకోవచ్చు.

అన్నీ చేసినా ఒక రకం మనుషులు మీకు లొంగరు. ఏలూరులో మా పెద్దమ్మ దగ్గర పోతన భాగవతం ఉంది. అట్ట ఊడిపోయింది, అష్టమ స్కంధం నిండా పసుపు వేళ్ళ ముద్రలు. అయినా పాతకాలపు ప్రతి కదా, కొత్త అట్ట వేయిస్తే నా అరలో నిండుగా ఉంటుందని కిందటి సంక్రాంతికి అడిగాను. అద్దాల మీంచి నన్నోసారి చూసింది.

“ఇంకా అవలేదురా.”

“ఎన్నోసారి పెద్దమ్మా?”

“లెక్కెవరు పెట్టారు? ఏనుగింకా నీళ్ళల్లోనే ఉంది. వెళ్ళి కాళ్ళు కడుక్కుని రా, గారెలు చల్లారిపోతున్నాయి.”